ఊఁ అన్నందుకు

"తిరుపతీ! లోపల నిద్రవోయినవా ఏంది కొడుకా? తలుపు తియ్యి."

అండాలమ్మ బాత్రూం తలుపు మళ్లీ కొట్టింది. పంపు కింద బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు మాత్రమే వస్తోంది. పట్టపగలు పనిలో ఉండాల్సిన కొడుకు, చొక్కా విప్పి నడుముకు చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంట్లోకి వచ్చి తలుపేసుకుంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

వంటింట్లో కోడలు అమల పొయ్యి ముందు నిలబడి ఉంది. పులుసు అడుగంటుతున్న వాసన ముక్కుకు తగులుతున్నా చేతిలో గరిటె కదల్లేదు. ఇవాళ ఆమె కోచింగ్ సెంటర్ ఉద్యోగానికి వెళ్లలేదు. సెలవు పెట్టుకుని మరీ ఇంట్లో ఉన్నందుకు తనను తాను తిట్టుకుంటోంది.

చివరికి తలుపు తెరుచుకుంది. తిరుపతి లుంగీ కట్టుకుని, మొహం కడుక్కుని బయటికి వచ్చాడు.

"ఏం కాలేదవ్వా. గంత లొల్లెందుకు?"

"ప్యాంటెందుకు పిండేసినవ్?"

"లిఫ్టు గుంతల నీళ్లున్నయ్. తడిసింది."

అండాలమ్మ లోపలికి వెళ్లి ప్యాంటు పైకెత్తింది, పట్టి చూసింది, మళ్లీ బకెట్లో పడేసింది. నల్గొండ పల్లెలో నలుగురు పిల్లల గుడ్డలు ఉతికిన చేతులవి, వాటి ముందు అబద్ధం నిలబడుతుందా?

"గుంతల నీళ్లకు గీ వాసనుంటదారా?"

తిరుపతి కుర్చీలో కూర్చుని చెప్పులు సర్దుకున్నాడు. సర్దడానికి అక్కడేమీ లేదు, చెప్పులు సరిగ్గానే ఉన్నాయి.

అతనికి పుట్టుకతోనే చిన్న తేడా ఉంది. మూత్రం వచ్చే దారి చివరిదాకా రాకుండా, కింది పక్కన కొంచెం ముందే బయటికి తెరుచుకుంది. డాక్టర్లు దాన్ని హైపోస్పాడియాస్ అంటారు. నిలబడితే ధార కాళ్ల మీద పడుతుంది కాబట్టి ముప్పై ఏళ్లుగా కూర్చునే పోసేవాడు. అంతకుమించి అతనికి ఏ లోటూ లేదు. పెళ్లయింది, మూడేళ్ల పాప ఉంది. ఆ దారిని చివరిదాకా తెచ్చే ఆపరేషన్ మొన్న వేసవిలో అయింది. మూత్రం గొట్టం తీసేశాక వారంపాటు బాగానే ఉంది. ఆ తర్వాత కుట్లు మానాయనుకున్న చోట సందు పడి, మూత్రం సగం అక్కణ్నుంచి కారడం మొదలుపెట్టింది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

బంధువులందరికీ హెర్నియా ఆపరేషన్ అని చెప్పారు. కన్నతల్లికి మాత్రం ఆ మాట చెల్లలేదు.

"మంచిగున్నోన్ని పండవెట్టి కోపిచ్చిన్రు," అంది అండాలమ్మ. కొడుకుతో అంటున్నా మాట వంటింటి వైపు పోతోంది. "చిన్నప్పుడు దవాఖానల చూపిస్తే ఏమన్నరు? మూత్రం మంచిగనే వస్తుంది, భయం లేదన్నరు. బిడ్డ పుట్టలేదా నీకు? ఏం తక్కువైందిరా? ఎవరు చెయ్యమన్నరు?"

"డాక్టర్ తప్పదన్నడవ్వా."

"డాక్టరన్నడా?"

"అన్నడు. అమల గూడ అక్కడ్నే ఉండె. అడుగు కావాల్నంటే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అమల చటుక్కున స్టవ్ కట్టేసింది. పులుసు ఎలాగూ మాడిపోయింది. అత్తగారు నిజంగానే అడుగుతుందేమోనని కొంగుతో గట్టు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడిచింది.

డాక్టర్ తప్పదనలేదు.

మలక్‌పేటలో పట్టాభి డాక్టర్ గారి గదిలో ఆకుపచ్చ తెర ఒకటి ఉంటుంది. పరీక్ష అయ్యాక తిరుపతి ఆ తెర వెనక ప్యాంటు వేసుకుంటున్నాడు. డాక్టర్ బల్ల దగ్గరికి వచ్చి, చదువుకున్న అమ్మాయి కదా అని అమలతో గబగబా చెప్పాడు. ఆరోగ్యానికి ఇబ్బందేం లేదమ్మా, అంగంలో వంకర కూడా పెద్దగా లేదు. పెద్దవాళ్లలో ఇది మానడం కష్టం, కొందరికి లీక్ అవుతుంది, రెండోసారి చేయాల్సి రావచ్చు. నిలబడి పోయాలనో, చూడ్డానికి సరిగ్గా ఉండాలనో ఆయనకు బలంగా ఉంటేనే చేద్దాం. ఇట్స్ ఆప్షనల్.

తెర వెనక్కి ఆ చివరి మాట ఒక్కటే చేరింది.

తిరుపతి ఇంటర్లో లెక్కలు తప్పి చదువు మానేసి లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడు. ఇంటర్ గడప తొక్కిన వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. తెలుగూ ఇంగ్లీషూ ఎలాగోలా గట్టెక్కుతాయి, గ్రూపు సబ్జెక్టులనే ఆప్షనల్స్ అంటారు, వాటిలో పోతే ఏడాది పోయినట్టే. కోచింగ్ సెంటర్లతో నిండిన దిల్‌సుఖ్‌నగర్ సగం ఆ ఆప్షనల్స్ మీదే అన్నం తింటోంది.

ఆసుపత్రి మెట్లు దిగుతూ అడిగాడు. "ఆప్షనలన్నడు గదా సారు. అంటే మన ఇంటర్ల లెక్క మెయిన్ అన్నట్టేనా? తప్పదా?"

కోచింగ్ సెంటర్లో కౌంటర్ దగ్గర కూర్చుని, పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులకు ఆ మాటే విడమరిచి చెప్పే ఉద్యోగం అమలది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత, "ఊఁ" అంది.

అంతే. అబద్ధం అనడానికి కూడా లేదు, అక్షరం ముక్క లేదు అందులో. కానీ ఆ ఊఁ మీద నడుచుకుంటూ వెళ్లి ఆయన ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాడు.

సాయంత్రం కాఫీ వేళకు అమల తమ్ముడు ఉపేంద్ర బత్తాయిలు పట్టుకుని దిగాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన ఇల్లు వాళ్లది. ఆగిపోయిన లిఫ్టు బాగుచేయడానికి తిరుపతి వచ్చినప్పుడు మొదలైన అక్క ప్రేమపెళ్లికి ఇంట్లో మొదట ఒప్పుకున్నది వాడే. మనసులో ఏమీ ఉండదు. ఉన్నదంతా నోట్లోనే ఉంటుంది.

"హెర్నియాకి ఇన్నాళ్లేంటి బావా? మా ఆఫీసులో ఒకాయన అప్పుడే పరుగులు తీస్తున్నాడు."

"మనది జర మొండి హెర్నియా బామ్మర్దీ," అన్నాడు తిరుపతి నవ్వుతూ.

"దసరాకి లేచి తిరగాలి మరి. అందరం కారులో బెజవాడ వెళ్తున్నాం. అక్కా, నువ్వు పులిహోర చెయ్యి. బావా, నువ్వు మాత్రం ఈసారి దారిలో ఎక్కడా బాత్రూం వెతకొద్దు. కిందటిసారి సూర్యాపేట దగ్గర ఆడవాళ్లందరూ వచ్చి కారెక్కేశారు, నువ్వింకా రాలేదు. మగాడికి గోడుంటే చాలదా? నువ్వేమో ఆడపడుచులా కూర్చుంటానంటావు!"

వాడు నవ్వాడు. తిరుపతి కూడా నవ్వాడు.

సూర్యాపేట దగ్గర కూడా వాడు ఇదే మాట అన్నాడు. నాన్న మొహం పక్కకు తిప్పుకుని మీసాల్లో నవ్వుకున్నారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. అసలు సంగతి తెలిసినది ఆ కారులో ఒక్క అమలకే. ఏం చేయాలో తోచక తనూ నవ్వింది. అప్పుడే తిరుపతి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆమె నవ్వుతున్న మొహం చూశాడు. దారంతా ఆమెకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడి మీద మండాల్సింది. కానీ మొగుడి మీద మండింది. ఆ మంట చల్లారకముందే డాక్టర్ దగ్గరికి వెళ్దామని పోరు పెట్టింది.

"ఓ బాబూ," అంది అండాలమ్మ మంచం మీద నుంచి. "మీ తాత పంచె కట్టేటోడా?"

"కట్టేవారండి అత్తయ్యగారూ. ఎందుకు?"

"కూసోని పోసేటోడా, నిలబడా?"

ఉపేంద్ర నోరు తెరిచాడు.

"పంచె కట్టిన మొగోళ్లంత కూసోనే పోసిన్రు బిడ్డా. మా అయ్య, మా మామ, ఊరి పటేలు, అందరు. ప్యాంట్లొచ్చినంక గోడలు పట్టుకునుడు నేర్సిన్రు. గది మొగతనమైతే కుక్కకు గూడ ఉన్నది మొగతనం."

"అమ్మో, అత్తయ్యగారు భలే మాట్లాడతారు!" అని ఉపేంద్ర పడీ పడీ నవ్వాడు. తనను మాటతో కొట్టారని కూడా వాడికి తెలియలేదు. కాఫీ తాగి, పాపకు ఒక బత్తాయి వలిచి పెట్టి, ఫోనెత్తి మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు.

అండాలమ్మ కోడలిని చూస్తూ కూర్చుంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"గీ పోరని మాటకేనా బిడ్డా?"

"అది కాదు అత్తయ్యా..."

"నిజం చెప్పు అమలా. డాక్టరే తప్పదన్నడా?"

అమల నోరు తెరిచేలోగా తిరుపతే లేచి మధ్యలోకి వచ్చాడు.

"అన్నడని చెప్పిన గదనే! నా చెవులతోని విన్న. దాన్నెందుకు పరేషాన్ చేస్తవ్?"

అండాలమ్మ బకెట్లోంచి ప్యాంటు తీసి మళ్లీ సబ్బు పెట్టింది. బండ మీద బట్ట పడుతున్న చప్పుడు ఒక్కొక్కటీ అమల వీపు మీద పడుతున్నట్టే ఉంది. ఆయన నాలుగు తిట్టి ఉంటే ఈ ఇంట్లో ఊపిరి ఆడేది. మోసపోయిన మనిషే మోసం చేసినదానికి అడ్డం నిలబడితే, ఆ నీడలో ఎలా కూర్చోవడం?

మర్నాడు సాయంత్రం ఇద్దరూ మలక్‌పేట వెళ్లారు. పట్టాభి డాక్టర్ చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఈసారి తిరుపతి కూడా బల్లకు ఎదురుగానే కూర్చున్నాడు.

"దీన్ని ఫిస్టులా అంటారు. కొత్తగా చేసిన దారికి మధ్యలో చిల్లు పడింది, అంతే. పెద్ద వయసులో చేస్తే కొందరికి ఇలా అవుతుందని ముందే అనుకున్నాం కదా?"

"అనుకున్నం సార్."

"ఇప్పుడే ముట్టుకోకూడదు. లోపల వాపు పోయి చర్మం మెత్తబడాలి. ఆరునెలలు ఆగితే చిల్లు మూయొచ్చు. చాలామందికి మూసుకుంటుంది. కొందరికి మళ్లీ పడుతుంది. పడదని నేను మాట ఇవ్వలేను."

"ముయ్యకపోతే సార్?"

"ప్రాణానికేమీ కాదు. ఇన్‌ఫెక్షన్ రాకుండా శుభ్రంగా చూసుకోవాలి. మునుపటిలా కూర్చుని పోసుకుని, ఆగి తుడుచుకుంటే తడవడం చాలావరకు తగ్గుతుంది. అలా ఉండిపోయినవాళ్లూ ఉన్నారు, చేయించుకుని సంతోషంగా ఉన్నవాళ్లూ ఉన్నారు. మీ ఇష్టం."

"అంటే గిది గూడ ఆప్షనలే సార్."

"అవును, ఆప్షనలే."

తిరుపతి తలూపాడు. అమల వైపు చూడలేదు. చూడకపోవడమే ఆమెకు చురుక్కుమంది. 'గిది గూడ' అన్నాడేమిటి? ఆ మాట పట్టుకుని మెట్రో స్టేషన్ దాకా నడిచింది.

దిగాల్సిన స్టేషన్ ఇంకా రాకముందే, రైలు దిల్‌సుఖ్‌నగర్ చేరుతుండగా తిరుపతి లేచాడు. "జర దిగాలె," అన్నాడు. ఎందుకని అడగలేదు ఆమె. ఇద్దరూ దిగారు.

'పురుషులు' అన్న బోర్డుకు కాస్త ఇవతల అమల నిలబడింది. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు, భుజాన సంచులతో కోచింగ్ కుర్రాళ్లు. లోపలికి వెళ్లిన వాళ్లు వెళ్లినట్టే ఫోను చూసుకుంటూ బయటికి వస్తున్నారు. తిరుపతి రావడం లేదు. లోపల తలుపున్న ఒక్క గది ఖాళీ కావడం కోసం నిలబడి ఉంటాడు. వెనకవాళ్లు తోసుకుంటూ ముందుకు వెళ్తుంటే పక్కకు జరుగుతూ ఉంటాడు. ఇన్నేళ్లుగా ప్రతి ఊళ్లో ఆయన ఇలా నిలబడ్డాడని, ఆ నిలబడటం తను ఒక్కసారి కూడా ఊహించుకోలేదని ఆమెకు ఇప్పుడు తోచింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈ సిగ్గు సూర్యాపేట సిగ్గు కాదు.

ఆయన రాగానే చెప్పేయాలి. ఇంటికి వెళ్తే అత్తగారు ఉంటుంది, పాప ఉంటుంది, మళ్లీ నోరు మూసుకుపోతుంది.

తిరుపతి వచ్చాడు. ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా కోచింగ్ సెంటర్ల బోర్డుల్లో ర్యాంకులు వచ్చిన పిల్లలందరూ పళ్లికిలిస్తున్నారు.

"మీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"ఆ రోజు మెట్ల మీద మీరు అడిగారు కదా, ఆప్షనల్ అంటే తప్పదా అని. నేను ఊఁ అన్నాను." ఏడుపు అడ్డం వచ్చింది. "తప్పనిసరి కాదండీ. మీరు వద్దనుకుంటే మానేయొచ్చని డాక్టర్ గారు అన్నారు. ఇలా అవుతుందని కూడా అన్నారు. నేనే మీకు..."

"ఎరుకే."

అమల తలెత్తింది.

"ఆపరేషన్ పొద్దున నువ్వు కింద మందుల కోసం పోయినవ్ సూడు, అప్పుడు సారొక్కడే వచ్చిండు. సంతకం పెట్టే ముందు మళ్లోపారి చెప్తున్న, ఇది తప్పనిసరి గాదు, లీక్ గావచ్చు, వద్దనిపిస్తే ఇప్పుడే ఇంటికి పో అన్నడు. సక్కగ తెలుగుల్నే చెప్పిండు."

"మరి... మరెందుకు చేయించుకున్నారు?"

తిరుపతి బోర్డుల వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు అబద్ధాలాడేదానివి గాదు. మీ నాయనతోని లొల్లి వెట్టుకోని నన్ను చేసుకున్నవ్, అప్పుడు గూడ ఒక్క అబద్ధమాడలే. గసుంటిదానివి నాతోని ఆడినవంటే, నాతోటి బయట తిరుగుడు నీకెంత కష్టమైతున్నదో అనుకున్న. సూర్యాపేట కాడ నీ మొకం చూసిన గదా."

అమల ఆయన చేయి పట్టుకోబోయి ఆగింది. పట్టుకునే హక్కు ఉందో లేదో తెలియలేదు.

"కోపం రాలేదా మీకు?"

"రాకెందుకుంటది? మనిషినే గదా. నిన్న పనికాడ ఓనర్ ముంగట ప్యాంటు తడిసింది. అప్పుడొచ్చింది. మెట్లు దిగుకుంట నిన్ను తిట్టుకున్న. ఇంటికొచ్చి అవ్వ నీ మీద పడుతుంటే మళ్ల పోయింది." ప్యాంటు మోకాలి దగ్గర తడిమి చూసుకున్నాడు. "పూర్తిగ పోలే. అబద్ధమెందుకు?"

"నన్ను క్షమించండి."

"గది తర్వాత సూద్దం. ముంగటి సంగతి చెప్పు. సారన్నది విన్నవ్ గదా. రెండోది గూడ మన ఇష్టమే. నాకైతే మునుపటి లెక్క కూసుంటే అయిపాయె. మళ్ల కోపిచ్చుకోని, మళ్ల గొట్టం పెట్టుకోని, ఆఖరికి మానుతదో లేదో తెల్వది." ఈసారి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. నేను కూసోనే పోసుకుంట, మీ తమ్ముడు నవ్వుతనే ఉంటడు, అవ్వ ప్యాంట్లు ఉతుకుతనే ఉంటది. గట్ల బతుకుదమా? లేకపోతే చేయించుకోమంటవా?"

"మీ ఇష్టం..."

"నా ఇష్టం అనకు. ఊఁ అని మాత్రం అసలే అనకు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పు. ఈపారి నువ్వు ఏదంటే అది నమ్ముత."

వాళ్లు ఎక్కాల్సిన ఎల్బీనగర్ రైలు వస్తున్నట్టు మైకులో చెప్పారు. జనం పసుపు గీత దగ్గరికి జరిగారు. తిరుపతి కదల్లేదు.

వద్దండీ, మీరు ఎలా ఉన్నా నాకు చాలు. ఎంత తేలికైన మాట! ఇంత జరిగాక ఏ ఆడదైనా అనే మాట. అమల నోరు తెరిచింది కూడా. కానీ అంతకుముందే, పిలవకుండానే, మనసులో ఇంకో జవాబు వచ్చి కూర్చుంది.

చేయించుకోండి.

అది ఆయన కోసం వచ్చిన మాట కాదని, దసరాకి కారులో నవ్వేవాళ్ల కోసం వచ్చిందని ఆమెకు స్పష్టంగా తెలిసింది. ఇంత ఏడ్చాక కూడా అదే వచ్చింది. ఇప్పుడు వద్దంటే అబద్ధం. చేయించుకోమంటే అది నిజమే, కానీ ఆ నిజం ఎలా చెప్పగలదు?

రైలు వచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి. "చెప్పు అమలా," అన్నాడు తిరుపతి.